మూడో తీగ

మా అక్క కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కుంటోంది. పోయిన వారం నా ఫోనుకు ఒక పజిల్ పంపింది. దారి రెండుగా చీలిన చోట ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకడు ఎప్పుడూ నిజమే చెప్తాడు, ఇంకొకడు ఎప్పుడూ అబద్ధమే చెప్తాడు, ఎవరిని ఏమని అడగాలి అని. ఇంటర్వ్యూల్లో ఇవే అడుగుతున్నారట. కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి, "మావయ్యా, ఆ రెండోవాడు నీకు బాగా తెలిసినవాడేమో చూడు" అని రాసింది. మా ఇంట్లో నాకు ఆ పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది, కాదనను. ఒక తుఫానులో మా కంప్యూటరు కాశీబుగ్గ వీధుల్లో తేలుకుంటూ రైలు గేటు దాకా పోయి, నీళ్ళు తీశాక వెనక్కి వచ్చి, ఆపిన చోటి నుంచే ప్రింటు తీసిందని ఊరంతా చెప్పినవాణ్ణి నేనే. నమ్మనివాళ్ళకు తడిసిన కాగితం కూడా చూపించాను. అయినా ఆ పజిల్ చదివాక నాకు నవ్వు రాలేదు. నా బల్ల మీద ఎనిమిది స్విచ్చుల చెక్కపెట్టె ఒకటి ఉంది. చూపు దాని మీదికి పోయింది.

పాత శతాబ్దం ముగిసే రోజుల్లో కాశీబుగ్గలో ఒక సైకిల్ షాపు మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, వాటికి పూల గుడ్డతో కుట్టించిన ముసుగులు, గుమ్మం దగ్గర చెప్పులు విడవమని బోర్డు. కిటికీ తీస్తే చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కాల్చే పొగ లోపలికి వచ్చేది. ఆ వాసన కీబోర్డులకు పట్టి, వర్షాకాలంలో ఎక్కువయ్యేది. అక్కడ పాఠాలు చెప్పేది ఇద్దరం. టెక్కలి నుంచి రోజూ బస్సులో వచ్చే నేను, వజ్రపుకొత్తూరు అవతల చేపలవాళ్ళ పేట నుంచి సైకిలు మీద వచ్చే బావ. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఒక ఈడు మగవాళ్ళు రెండోసారి టీ తాగితే బావలైపోతారు. పాఠాలు అయ్యాక ప్రోగ్రాములు రాసేవాళ్ళం. జీడి ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ హాజరుకి ఒకటి, ఒక బడికి మార్కుల జాబితాలకు ఒకటి. సాఫ్ట్‌వేర్ డెవలపర్లమని మాకు మేమే పేరు పెట్టుకున్నాం. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు అప్పటికి పలాసలో మేమిద్దరమేనని మా నమ్మకం.

నాకు చేతిపని రాదు. బావ మాత్రం పేటలో రేడియోలు, టార్చిలైట్లు బాగుచేస్తూ చిన్నప్పుడే సోల్డరింగ్ పట్టాడు. సన్నటి వేళ్ళు, వాటి చివర్లలో కాలిన మచ్చలు. జీడిపప్పు ఆరబెట్టే పెద్ద పొయ్యిగదిని ఇక్కడ బోర్మా అంటారు. అందులో వేడి మించితే గంట మోగే పరికరం ఒకటి చేసి ఒక ఫ్యాక్టరీలో బిగించాడు. యజమాని పనివాళ్ళను తిట్టినా ఆ గంట మోగుతుందని నేను వెళ్ళి చెప్పొచ్చాను. వారం రోజులు ఆ ఫ్యాక్టరీలో గట్టిగా మాట్లాడినవాళ్ళు లేరు. నిజం తెలిశాక ఆ పెద్దమనిషి మేడ ఎక్కి వచ్చి ఎవడు చెప్పాడని అడిగితే, బావ తల ఎత్తకుండా తీగలు అతుక్కుంటూ, "కంప్యూటరే సెప్పింది సారూ" అన్నాడు. అబద్ధం ఆడటం అతనికి రాదు. నా కోసం ఆడినది అదొక్కటే.

మధ్యాహ్నం కరెంటు పోయేది. నేర్చుకునేవాళ్ళు కిందికి దిగి సైకిల్ షాపు ముందు నీడలో నిలబడేవారు. మేమిద్దరం బ్లాక్‌బోర్డు దగ్గర చేరేవాళ్ళం. ఒకరు పజిల్ రాయాలి, రెండోవాడు విప్పాలి. దానికి కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. జవాబు అడగకూడదు. పజిల్‌లో మనుషులు మాకు తెలిసినవాళ్ళే అయి ఉండాలి. ఇన్‌స్టిట్యూట్ సారు, టీ కొట్టు మావ, పూండి స్టేషన్లో టికెట్లు ఇచ్చే ఆయన. జవాబు మడిచిన కాగితంలో ఉంటుంది. విప్పి దాన్ని తెరిస్తే జవాబు కింద ఒక తిట్టు కూడా ఉండాలి. 'ఇంతసేపా, గాడిదా' లాంటివి. అన్నింటికంటే గట్టి పద్ధతి ఇంకొకటి. నిజాలకోరులూ అబద్ధాలకోరులూ ఉండే పజిల్‌లో, విప్పేవాడికి ఎప్పుడూ నిజం చెప్పే పాత్రే ఇవ్వాలి. అది మర్యాద. ఎదురుగా కూర్చున్నవాణ్ణి అబద్ధాలకోరని బోర్డు మీద రాస్తే బాగుండదు కదా. ముఖ్యంగా వాడు నిజంగానే అబద్ధాలకోరు అయినప్పుడు.

ఒకరోజు బెంగళూరు కంపెనీ ఒకటి విశాఖపట్నంలో పరీక్ష పెడుతోందని తెలిసింది. పరీక్ష నిండా పజిల్సే. ఇద్దరం వెళ్దామన్నాడు బావ. ఆ పొద్దున నాకు జ్వరమని కబురు పెట్టాను. జ్వరం లేదు. టెక్కలి బస్టాండులో కూర్చుని రెండు టీలు తాగి, విశాఖ బస్సు వెళ్ళిపోయేదాకా చూసి ఇంటికి వెళ్ళాను. ఇద్దరిలో ఒక్కడే నెగ్గితే ఆ ఒక్కడూ నేను కానని నాకు తెలుసు. బావ నెగ్గాడు, వెళ్ళిపోయాడు. ఆ కంపెనీవాళ్ళు నన్నూ బతిమాలారని, అక్కడి గాలి నాకు పడదని నేనే వద్దన్నానని నేను ఊళ్ళో చెప్పుకున్నాను.

అతను చివరిగా రాసిన పజిల్‌ని బోర్డు మీద చాలా రోజులు చెరపనివ్వలేదు. పాఠాలన్నీ దాని పక్కన మిగిలిన జాగాలోనే చెప్పాను. కరెంటు పోయి అందరూ కిందికి దిగాక, ఆ పొడుగాటి గదిలో నేనొక్కణ్ణే. నాకు నేనే పజిల్ రాసుకుని, ఎదురు బల్ల మీదికి మారి కూర్చుని, జవాబు తెలియనట్టు తల గోక్కునేవాణ్ణి. ఒకసారి సుద్దముక్క కోసం పైకి వచ్చిన సారు ఆ ఆట చూశాడు. ఏమీ అనకుండా మెల్లగా దిగిపోయాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

కొన్ని నెలలకు తన చెల్లెలి పెళ్ళికి వచ్చాడు బావ. పెళ్ళి హడావుడిలో నాలుగు మాటలు కూడా కుదరలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు పలాస స్టేషన్‌కి రమ్మన్నాడు. రైలు కదలబోయే ముందు సంచిలోంచి ఈ చెక్కపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. పైన ఎనిమిది స్విచ్చులు, ఒక్కోదాని కింద అంటించిన చీటీ మీద ఒక్కో మనిషి చెప్పే మాట. నిజం చెప్పేవాడి స్విచ్చి పైకి, అబద్ధాలకోరుది కిందికి పెట్టి పక్కనున్న బటను నొక్కాలి. సరిగ్గా ఉంటే లోపల కాలింగ్ బెల్లులోంచి తీసిన కాయిల్ గడియను లాగుతుంది. తప్పయితే వెనక బిగించిన సన్న రాగి తీగ మాడిపోతుంది. అలాంటి తీగలు మూడు, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"మూడుసార్లే బావా. పగలగొట్టడం లేదు. తెరుసుకుంటే ఫోన్ సెయ్యి, తెరుసుకోపోతే సెయ్యకు," అని కంపెనీ నంబరు రాసిచ్చి, రైలెక్కాక తలుపులోంచి వంగి ఇంకో మాట అన్నాడు. "ఈపాలి మర్యాదలు లేవు, సూసుకో."

విడిపోతున్నప్పుడు మనుషులు అలాంటివి అంటారు, దగ్గరివాళ్ళ మధ్య మర్యాదలేమిటని. నేనలాగే అనుకుని చెయ్యి ఊపాను.

ఎనిమిదో చీటీ నాది. 'నేనెప్పుడూ నిజమే చెప్తాను' అని ఉంది దాని మీద. చూసి మురిసిపోయి, ముందుగా ఆ స్విచ్చి పైకి పెట్టాను. అక్కడి నుంచి మిగతా ఏడూ సర్దబోతే, ఎక్కడో ఒకచోట రెండు మాటలు కొట్టుకునేవి. ఎంత సర్దినా అంతే. బెంగళూరు నీళ్ళు తాగి బావ పజిల్ తప్పు కట్టాడనుకున్నాను. ఉజ్జాయింపుగా పెట్టి నొక్కాను. వెనక చిటుక్కుమంది, కాలిన వాసన వచ్చింది. మర్నాడు రెండోది కూడా మాడింది. మూడో తీగను ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. రాగి తీగ ఏ కొట్టులోనైనా దొరుకుతుంది, చెక్కపెట్టె స్క్రూలు ఎవడైనా తియ్యగలడు. కాని నేను నోటితో ఎన్ని ఆడినా పజిల్ దగ్గర దొంగతనం చేసినవాణ్ణి కాదు.

దొంగతనం చెయ్యలేదు గాని, పదో రోజుకు ఫోన్ చేశాను. తెరుచుకుంటేనే ఫోన్ చెయ్యమన్నాడు. నాకు అతని గొంతు వినాలని ఉంది. కాబట్టి పెట్టె తెరుచుకున్నట్టే. బస్టాండు పక్క ఎస్టీడీ బూతులో తలుపు వేసుకుని, అరగంటలో విప్పేశాను బావా, టీ ఇంకా చల్లారలేదు అన్నాను.

"లోపలున్నది సూసినావా?" అన్నాడు.

"సూసినాను."

"మరేటంతావు?"

లోపల ఏముంటుంది, ఎప్పటిలాగే తిట్టు ఉంటుంది. "ఏటంతాను బావా, నవ్వుకున్నాను. నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది," అన్నాను.

"సరే బావా. నీ ఇట్టం," అని పెట్టేశాడు. తిట్టు చదివి నవ్వితే అందులో నా ఇష్టం ఏముందని బూతు తలుపు తీస్తూ ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ ఫోన్ చేసి అడగవచ్చు. అడిగితే తెరవలేదని తెలిసిపోతుంది.

ఆ తర్వాత అతని నుంచి ఫోన్లు లేవు. ఒకటి రెండు కార్డులు వచ్చాయి, అవీ ఆగిపోయాయి. పెద్ద ఊరు వెళ్ళి మరిచిపోయాడని నేను నొచ్చుకున్నాను. నొచ్చుకుని ఊరుకుంటే సరిపోయేది. నేను బెంగళూరు వెళ్ళినట్టు, లిఫ్టులో ఎదురుపడితే బావ నన్ను గుర్తుపట్టనట్టు ఒక కథ కట్టాను. టీ కొట్టులో అందరూ అయ్యో అన్నారు. లిఫ్టు అంటే అప్పటికి నేను బొమ్మల్లోనే చూశాను.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇన్‌స్టిట్యూట్ మూసేస్తున్నామని సారు చెప్పాడు. కంప్యూటర్లు కిందికి దించేశాక నా సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున ఈ పెట్టె కనిపించింది, మూడో తీగ కాగితంలోనే ఉంది. ఖాళీ గదిలో నేల మీద కూర్చుని చీటీలు మళ్ళీ చదివాను. ఎదురుగా పాత బ్లాక్‌బోర్డు ఉంది. విప్పేవాడికి నిజం చెప్పే పాత్ర ఇవ్వడం మా మర్యాద అని గుర్తొచ్చింది. దాని వెంటనే రైలు తలుపులోంచి వంగిన మనిషీ, ఈపాలి మర్యాదలు లేవన్న మాటా. నా స్విచ్చి కిందికి నొక్కాను. మిగతా ఏడూ టీ చల్లారేలోపే వాటి చోట్లలోకి వెళ్ళిపోయాయి. కిందికి వెళ్ళి కొత్త బ్యాటరీలు తెచ్చి వేసి, మూడో తీగ బిగించి, బటను నొక్కాను. తీగ మాడలేదు. గడియ టక్కుమంది.

లోపల జవాబు లేదు, తిట్టూ లేదు. ఒక ఉత్తరం ఉంది. 'బావా, నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పై ఆయనకి నీ గురించి సెప్పినాను. నెల్లోపు రమ్మంటన్నాడు. ఇది ఇప్పినోడివి, ఆళ్ళ పజిల్స్ నీకో లెక్క కాదు. నాకిక్కడ మాటాడ్డానికి మనిసి లేడు. నోటితో అడిగితే మళ్ళీ జొరమని ఏదో కత సెప్తావని పెట్టెలో పెట్టినాను. వస్తావో రావో ఒక్క మాట సెప్పు.'

చెప్పాను కదా. నవ్వుకున్నానని చెప్పాను.

పాత నంబరు పనిచెయ్యలేదు. మూడో రోజు వాళ్ళ పేటకు వెళ్ళాను. వాళ్ళ అక్క ఇసకలో వల పరిచి నెత్తళ్ళు ఆరబెడుతోంది. నేనెవరో చెప్పగానే పని ఆపకుండా, "ఆ లిప్టు కత మాకూ వచ్చింది తమ్ముడూ," అంది. నేను తల వంచుకున్నాను. చేపలు తిరగేస్తూ, తిరగేస్తూ, మెల్లగా చెప్పింది. "నువ్వొత్తావని ఆ యేడు గదిలో రెండో మంచం ఏయించినాడు. నువ్వు నవ్వినావంట కదా. మరి మంచం ఎవులికో ఇచ్చీసినాడు." కోపంగా అనలేదు. నంబరు అడిగితే లోపలికి వెళ్ళి తెచ్చింది.

ఆ ఒడ్డున సిగ్నల్ సరిగా అందదు. బోర్లించిన పడవ ఎక్కి నిలబడి ఫోన్ చేశాను. బావా, పెట్టె ఇప్పినాను అన్నాను. ఎప్పుడు, అన్నాడు. మొన్న అన్నాను. అవతల ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు, తలుపు మూసిన చప్పుడైంది, ఆ మాటలు ఆగాయి.

"ఎన్నో తీగకి?"

"మూడోదానికి."

"మరి ఆ రోజు ఫోనెందుకు సేసినావు?"

నేను పుట్టి బుద్ధెరిగాక చేతిలో కథ లేకుండా నిలబడింది ఆ ఒక్కసారే. "నీతో మాటాడాలనిపించింది," అన్నాను.

సముద్రం హోరులో వినిపించేలా ఫోను చెవికి అదుముకున్నాను. "ఆ ముక్క ఆ రోజే సెప్పుంటే సరిపోయేది బావా," అన్నాడు. తర్వాత ఒకరి ఆరోగ్యం గురించి ఒకరం అడిగాం. మీటింగుంది, మళ్ళీ చేస్తానన్నాడు. చేశాడు కూడా, రెండు మూడుసార్లు. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

మేనకోడలికి జవాబు రాశాను. రెండోవాడు నాకు తెలుసమ్మా, వాణ్ణి దారి అడగకు, ఏం కావాలని అడుగు అని. అది పజిల్‌కి సరైన జవాబు కాదని వెంటనే తిప్పి పంపింది. పెట్టె ఇప్పటికీ నా బల్ల మీదే, మూత తెరిచే ఉంది. అందులోంచి బయటికి రావలసిన ఎనిమిదేళ్ళు మాత్రం ఇంకా లోపలే ఉన్నాయి.