బెత్తెడు కడ్డీ

మైపాడు దారిలో, సముద్రానికి దగ్గరగా ఇసుక నేలల్లో వేరుశనగ వేసిన వాళ్లకి కంటినిండా నిద్ర ఎక్కడిది? సర్కారు తుమ్మల్లోంచి అడవి పందులు దిగాయంటే తెల్లారేసరికి చేనంతా దున్నిపెట్టినట్టు ఉంటుంది. అలాంటి చోట జ్ఞానప్రకాశం పంట మాత్రం ఏటా ఇంటికి చేరేది. పంట కాపలాకి లైసెన్సు ఇచ్చిన పాత తుపాకీ, మూతిలోంచి మందు కూరి పేల్చేది, ఆయన చేతిలో ఉండబట్టే.

తుపాకీ ఎవరైనా పేలుస్తారు లెండి. గురి కుదరాలంటే ముందు మందు కుదరాలి. గట్టున తాటిమొద్దు నిలబెట్టి, చిటికెడు మందు పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి, వేసవంతా అదే పని చేశాడు మహానుభావుడు. మందు ఎక్కువైతే గుండు మొద్దు మీదుగా ఎగిరిపోయేది, తక్కువైతే ముందే నేలలో దిగబడేది. ఉప్పుగాలికి మందు చెమ్మెక్కితే లెక్కంతా మళ్లీ మొదటికే. చివరికి సున్నపు బొట్టు పెట్టిన చోటే గుండు దిగింది. ఆ రోజు ఆయన మొహం చూడాలి! పెళ్లినాడు కూడా అంత వెలగలేదని భార్య రెబెక్కమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మందు కూరాక ఇనప కడ్డీ గొట్టంలోకి దించి చూసేవాడు. గొట్టం ఖాళీగా ఉంటే కడ్డీ మూతితో సమానంగా ఆగుతుంది. మందూ గుండూ ఉంటే బెత్తెడు పైకి నిలుస్తుంది. అంతకు మించిందంటే రెండుసార్లు కూరినట్టే. పేలిస్తే గొట్టం పగిలి, పేల్చినవాడూ పక్కనున్నవాళ్లూ పోతారు. చుట్టుపక్కల తుపాకీ ఉన్న వాళ్లందరికీ ఈ సంగతి నేర్పింది ఆయనే.

ఈ మధ్య రెబెక్కమ్మకి దిగులు పట్టుకుంది. చర్చిలో అప్పుడే పాడిన పాటని మళ్లీ పాడదామంటాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇంకా వడ్డించలేదేమని కసురుతాడు. వయసులే అని పైకి అనుకునేది గానీ, లోపల ఒకటే భయం.

కాయ ఊరే రోజులు. సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని తుపాకీకి మందు కూరడం చూసి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మందు డబ్బా మళ్లీ తెరిచి ఉంది.

"ఏందయ్యా, ఇందాకే కూరినావు కదా!"

"ఇందాక యాడ కూరినాను? ఇప్పుడే కదా కూరింది. ఊరికే అరవబాక."

"నీకు దండం పెడతా, ఒక్కసారి కడ్డీ దించి చూడయ్యా."

విసుక్కుంటూ దించాడు. కడ్డీ బెత్తెడుకి రెండింతలు నిలిచింది. ఆయన దాని వంక చూశాడు, భార్య వంక చూశాడు.

"ఇది నేనే చేసినానా?" అన్నాడు.

ఆమె మందు డబ్బాకి మూత బిగించి లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు పక్కచేని గంగులయ్యని పిలిపించి, కూరిన మందంతా తీయించాడు. "దీన్ని స్టేషన్లో ఇచ్చేసి వద్దాం, తోడు రా తమ్ముడా," అన్నాడు.

"మరి చేను ఎట్టన్నా?"

"చేను పోతే పోనీలే. దీని పక్కన మీ వదిన కూడా ఉంటాది కదా."

ఇచ్చేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. రెబెక్కమ్మ వీపు నిమురుతూ కూర్చుంది.

తెల్లారింది. లేస్తూనే, "మే, తుపాకీ యాడ పెట్టినావు?" అన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అప్పుడే వింటున్నట్టు విని, నిన్నటిలాగే కుమిలిపోయాడు. మర్నాడూ అదే ప్రశ్న, అదే ఏడుపు. ఆ వారమంతా ఇదే వరస. అయ్యో, ఒక్క తుపాకీ ఒక్కసారి పోతే చాలదా మనిషికి!

రెబెక్కమ్మ సండే స్కూల్లో పిల్లలకి అబద్ధమాడకూడదని ఏళ్ల తరబడి చెప్పిన మనిషి. ఆదివారం పొద్దున ఆయన మళ్లీ అడిగాడు. ఆమె కాఫీ గ్లాసు చేతికిచ్చి, పక్కనే కూర్చుంది.

"ఎలక్షన్లంటయ్యా. తుపాకులన్నీ స్టేషన్లో పెట్టమన్నారు. అయిపోయినాక ఇస్తారంట."

"అట్టనా!" ఆయన మొహం తేటపడింది. "అయిపోగానే పోయి తెచ్చుకుందాంలే."

ఎలక్షన్లు ఎక్కడా లేవు. రేపు పొద్దున కూడా ఇదే చెప్పాలనుకుని, ఆమె చర్చికి వెళ్లకుండా ఆయన పక్కనే ఉండిపోయింది.