కైలాసం ముందు 'మిలిటరీ' అనకూడదు

కైలాసం గారి ముందు ఏ పార్టీనైనా పొగడవచ్చు, ఎవరినైనా తిట్టవచ్చు, ఆఖరికి ఆయన వండిన చేపల పులుసు బాగాలేదని కూడా అనవచ్చు. 'మిలిటరీ' అన్న మాట ఒక్కటి అనకూడదు. అన్నారా, అన్నవాళ్ల చుట్టూ రెండుసార్లు తిరిగి అడిగేవాడు:

"ఏ మిలిటరీ? ఆర్మీనా, నేవీనా, ఎయిర్ ఫోర్సా? ఉత్త మిలిటరీ అంటే ఎట్ల? వంట ఏందని అడిగితే ఉత్త కూర అంటవా? వంకాయనో బీరకాయనో చెప్పాలె."

సిరిసిల్లలో నేతపని చేసే కుటుంబంలో పుట్టిన మనిషి. ఇరవై ఆరేళ్లు నౌకాదళంలో, ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసి రిటైరై, ఎటు పోయినా ఒక పూట ప్రయాణం చేస్తే గానీ సముద్రం కనబడని కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంజిన్ల మధ్య తిరిగీ తిరిగీ ఆయన కాళ్లు కూర్చోవడం మరిచిపోయాయి. గురువారాలు తప్ప రోజూ మోయిజ్ ఫోన్ల రిపేరు దుకాణానికి వచ్చేవాడు. ఆ దుకాణం పొడవు ఏడడుగులు. ఆ ఏడడుగుల్లోనే అటూ ఇటూ నడిచేవాడు. స్క్రూలు విప్పుతున్న మోయిజ్‌కు కళ్లు తిరిగేవి.

"కైలాసమన్నా, జర కూసో. నువ్వు తిరుగుతుంటే నా చెయ్యి వణుకుతున్నది."

"నిలబడ్డ ఓడకు తుప్పు పడతది మోయిజ్."

ఎన్నికలప్పుడు చౌరస్తాలో తుపాకులతో జవాన్లు దిగారు. "మిలిటరీ దిగిందట!" అని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు. కైలాసం రోడ్డు దాటి మరీ వచ్చాడు. "అది సీఆర్‌పీఎఫ్. హోం శాఖ కింద ఉంటది. మన మూడు దళాలు రక్షణ శాఖ కింద ఉంటయి. కోస్ట్ గార్డ్ గూడ రక్షణ శాఖనే, గాని నేవీ గాదు." టీ తాగేవాళ్లలో సగం మంది గ్లాసులు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

ఒకసారి మోయిజ్ ఆయన్ను భోజనానికి తీసుకుపోయాడు. అది 'లచ్చయ్య మిలిటరీ హోటల్'. మాంసం వండే హోటళ్లకు ఆ పేరు ఎప్పటినుంచో ఉన్నదే. కైలాసం బోర్డు చదివి గడప దగ్గరే పచార్లు మొదలుపెట్టాడు.

"లచ్చయ్యా, ఇది ఏ మిలిటరీ?"

లచ్చయ్య గరిటె కూడా దించలేదు. "మటన్ ఆర్మీ. చాపలు నేవీ. కోడి ఎయిర్ ఫోర్స్. లోపటికి రాండ్రి."

"మరి గుడ్డు?"

"గది ఇంకా ట్రైనింగ్‌ల ఉన్నది సార్."

కైలాసం అంతగా నవ్వడం మోయిజ్ ఎప్పుడూ చూడలేదు. కూర్చోకుండానే తిని, చెయ్యి కడుక్కుంటూ మాత్రం అన్నాడు: "లచ్చయ్యా, కోడి ఎగరదు. దానికి గ్రౌండ్ డ్యూటీ వెయ్యి."

బట్టల దుకాణం శ్యాంసుందర్ సంగతి ఇంకా ఘోరం. బిడ్డకు మిలిటరీ కెప్టెన్ సంబంధం వచ్చిందని మురిసిపోతూ చెప్పాడు పాపం.

"ఏ కెప్టెన్? ఆర్మీ కెప్టెనైతే చిన్న పోరడే. నేవీ కెప్టెనైతే ఆర్మీ కల్నల్‌తోని సమానం, ఉమర్ నలభైకి అటే ఉంటది. పిలగాని నెత్తిమీద ఎంట్రుకలున్నయా?"

శ్యాంసుందర్ చెమటలు తుడుచుకుంటూ పది ఫోన్లు చేశాడు. తేలిందేమిటంటే పిల్లవాడు కబడ్డీ జట్టుకు కెప్టెన్. మిలిటరీ అన్నది పెళ్లి కుదిర్చే మనిషి సొంతంగా చేర్చిన మాట. అమ్మాయికి కబడ్డీ ఇష్టం కాబట్టి పెళ్లయితే జరిగింది. కైలాసానికి మాత్రం పత్రిక అందలేదు.

ఇదంతా పెద్దరికం చూపించుకోవడానికేనని మోయిజ్ అనుకునేవాడు. తన బిడ్డ అంబ్రీన్ అగ్నివీర్‌గా ఎంపికైన రోజు "మా బిడ్డ మిలిటరీల సెలెక్ట్ అయిందన్నా!" అని మిఠాయి అందిస్తే, ఆయన దాన్ని చేతిలో పట్టుకుని దుకాణంలో మూడుసార్లు తిరిగాడు. 'ఎయిర్ ఫోర్స్' అని దిద్దుకున్నాకే నోట్లో వేసుకున్నాడు. ఆ రోజు మోయిజ్‌కు నిజంగానే కోపం వచ్చింది.

ఒక గురువారం పొద్దున దుకాణంలోని చిన్న టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి: 'మంచు తుఫానులో మిలిటరీ గస్తీ బృందం గల్లంతు'. వెనక బొమ్మల్లో ఒక ఓడ, నాలుగు విమానాలు, ఒక ట్యాంకు. మోయిజ్ స్క్రూడ్రైవర్ పక్కన పడేశాడు. అంబ్రీన్‌కు ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్. చెబుదామంటే గురువారం కైలాసం రాడు. షట్టర్ సగం దించి ఇంటికి పరుగెత్తాడు. ఇంట్లో తల్లి షాజాదీ బేగం ఒక్కతే ఉంది. రోజంతా టీవీ ముందే ఉండే మనిషి.

వంటింటి గడప దగ్గర ఆమె కళ్లు ధారగా కారుతున్నాయి. మోయిజ్ చెప్పులు కూడా విప్పకుండా ఆమె దగ్గరికి పోయాడు.

"అమ్మీ... టీవీ చూసినవా?"

"చూసిన. గట్ల చూస్తవేంది? ఉల్లిగడ్డలకు ఏడుస్తున్న, టీవీకి గాదు."

"అంబ్రీన్ ఫోన్ ఎత్తుతలేదు!"

"డ్యూటీల ఫోన్ తీస్కొని లోపట వెట్టుకుంటరు. డ్యూటీ దిగినంక చేస్తది." ఆమె ఇంకో ఉల్లిగడ్డ తీసుకుంది. "మంచుల నడిచేది ఆర్మీ గస్తీ బేటా. మన పిల్ల ఎయిర్ ఫోర్స్. అండ్ల గూడ టెక్నికల్. విమానం నడపది, విమానానికి రోగమొస్తే చూస్తది. ఉండేది గుజరాత్. ఆడ మంచు కావాల్నంటే ఐస్‌క్రీం బండి కాడికి పోవాలె."

మోయిజ్ నోరు తెరిచాడు. "గివన్ని నీకెవరు చెప్పిండ్రు?"

"కైలాసం తమ్ముడు. పిల్ల కొలువుకు పోయిన సంది నెలకోసారి వస్తడు. నన్ను కూసోవెట్టి నా సుట్టు తిరుక్కుంట చెప్తడు. ఇయ్యాల తెల్లారంగనే ఫోన్ చేసి, 'ఆపా, టీవీ చూసి ఫికర్ వెట్టుకోకు' అన్నడు."

అప్పుడు చెప్పింది ఆమె, కొడుక్కి తెలియని సంగతి. వెనకట మంచుకొండల్లో యుద్ధం జరిగినప్పుడు కైలాసం సముద్రం మీద ఉన్నాడు. సిరిసిల్లలో ఆయన తల్లికి మాత్రం 'మిలిటరోళ్లు చనిపోతున్నరు' అన్న మాట ఒక్కటే తెలుసు. రెండు నెలలు అన్నం సరిగా తినలేదు. కొడుకు సెలవు మీద వస్తే బూట్లు విప్పించి, మంచుకు రాలిపోయాయేమోనని కాలివేళ్లు లెక్కపెట్టింది. "అవ్వా, నేను సముద్రంల ఉన్ననే!" అని ఆయనంటే, "సముద్రం గూడ గడ్డకట్టిందా బిడ్డా?" అని ఏడ్చిందట.

"గప్పటి సంది ఏ తల్లి గూడ గట్ల అన్నం మానొద్దని ఒట్టు వెట్టుకున్నడు. వేములవాడల ఒకామె, సిరిసిల్లల ఇద్దరు, ఇంకా యాడెవరో. గురువారం గురువారం ఒక్కో ఇంటికి పోతడు. ఇయ్యాల ఉట్నూర్ దిక్కు పోయిండు. భీంబాయి అని ఉన్నది, ఆమె కొడుకు ఆర్మీ. ఆ గూడెంల టీవీ ఉన్నది గాని ఫోన్ సిగ్నల్ లేదు."

మోయిజ్ ఇంట్లో ఉండలేకపోయాడు, దుకాణానికీ పోలేకపోయాడు. బస్సెక్కి మధ్యాహ్నానికి ఉట్నూర్‌లో దిగి, భీంబాయి పేరు చెప్పి అడుక్కుంటూ జీపులో గూడెం చేరాడు.

భీంబాయి వాకిట్లో కైలాసం కట్టెతో దేశం పటం గీసి, దాని మీద నడుస్తున్నాడు. చుట్టూ గూడెమంతా నిలబడి ఉంది.

"అక్కా, నువ్వు సముద్రంల కూసున్నవు, జర జరుగు. ఆర్మీ అంటే గూడ అందరు ఒక్కటి గాదు. కాలినడకోళ్లు వేరు, ఫిరంగులోళ్లు వేరు, రేషన్ మోసేటోళ్లు వేరు. నీ కొడుకు వంతెనలు కట్టే పటాలం. మంచు ఈడ." నాలుగడుగులు వేశాడు. "నీ కొడుకు ఈడ. రాజస్థాన్ ఇసుకల."

"ఇసుకల వంతెనెందుకు దాదా?"

కైలాసం ఆగిపోయాడు. ఆయన ఆగడం మోయిజ్ చూడటం అదే మొదలు. "కాలువలుంటయక్కా" అన్నాడు.

భీంబాయి పటాన్ని చూసింది, ఆయన్ను చూసింది. "వాడు మాట్లాడి రెండు నెలలాయె. ఇసుకలకెల్లి మంచులకు మార్చిండ్రేమో? నీకెట్ల ఎరుక?"

కైలాసం కట్టె చేతులు మారుస్తూ నిలబడ్డాడు. అప్పుడు మోయిజ్ ముందుకొచ్చాడు.

"సిగ్నల్ యాడ దొరుకుతదో చెప్పుండ్రి. ఫోన్ల పని నాది."

ఊరి వెనక గుట్ట ఎక్కారు. భీంబాయి అందరికంటే ముందు. పైన మోయిజ్ ఒక బండ మీదికెక్కి చెయ్యి చాపితే రెండు గీతలు వచ్చాయి. భీంబాయి ఇచ్చిన నంబరు కొట్టి స్పీకర్ పెట్టాడు. ఎనిమిదిసార్లు మోగాక ఎవరో ఎత్తారు. "బిడ్డా!" అని భీంబాయి కేకేస్తే, నిద్రమత్తు గొంతు వినపడింది.

"అవ్వా? ఏమైందే?"

"నువ్వు ఇసుకల ఉన్నవా, మంచుల ఉన్నవా?"

"ఇసుకలనే ఉన్న. ఎందుకు?"

"ఏం లేదు. తలకు గుడ్డ కట్టుకో." ఫోన్ పెట్టెయ్యమని సైగ చేసి, కొంగుతో మొహం తుడుచుకుని, గూడెం వాళ్ల వైపు తిరిగి గట్టిగా నవ్వింది.

బండ దిగకముందే మోయిజ్ ఫోన్‌లో ఇంకో కబురొచ్చింది. గస్తీ బృందం ఒక పాత చౌకీలో తలదాచుకుందట, అందరూ క్షేమం. వెనకే అంబ్రీన్ ఫోన్. "అబ్బాజాన్, ఇరవైసార్లు చేసినవేంది? పరేషాన్ అయినవా?"

"నేనెందుకైత బేటీ? అది ఆర్మీ, నువ్వు ఎయిర్ ఫోర్స్ గద" అన్నాడు మోయిజ్. కైలాసం వినబడనట్టు అడవి వైపు చూస్తున్నాడు.

గుట్ట దిగి వచ్చేసరికి భీంబాయి చాయ్ పెట్టింది. సగం గ్లాసు తాగి కైలాసం లేచాడు.

"నడువు మోయిజ్. వేములవాడల దిగి పోదాం. ఆడ ఒక తల్లున్నది, కొడుకు కోస్ట్ గార్డ్."

"ఇయ్యాల టీవీల సముద్రం ముచ్చటే రాలేదు గదన్నా?"

"రాలే. గాని ఆమెకు భయపడనీకి టీవీ అక్కర్లేదు."

మోయిజ్ చాయ్ గుటుక్కున మింగి, జీపు ఆపడానికి ముందుగా తనే ఉరికాడు.