ఇల్లెవరిదో విజిల్ వాళ్ళది

మా పక్క క్వార్టర్ గార్డు బాబాయి మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "మబ్బేస్తంది. సర్కండాలో ఇంకా రెండిళ్ళు ఉండిపోనాయి" అన్నారట పిన్నితో. అవే ఆఖరి మాటలు. ఆ రెండిళ్ళకీ ఈ ఆదివారం పెంకులు కప్పేస్తాం, అందులో తిరుగులేదు. ముందు ఆయన సంగతి మీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

బాబాయి సైన్యంలో పదిహేనేళ్ళు చేసి, రైల్వేలో గూడ్స్ బండి గార్డుగా చేరారు. నేను బిలాస్‌పూర్‌కి కాపురానికొచ్చిన ఏడాది, అంటే ఎనభైల మొదట్లో, ఒక జవాను భార్య కబురు ఆయన చెవిన పడింది. భర్త పోయాడు, ముసలి అత్త, ఇద్దరు పిల్లలు. మా ఊళ్ళోనే నది అవతల సర్కండాలో పెంకుటిల్లు, నిరుటి వానకి సగం కప్పు దిగిపోయింది. జూన్ నడుస్తోంది. వాన పడేలోగా కప్పకపోతే వాళ్ళు రోడ్డు మీదే.

ఆదివారం బయల్దేరాం చూడండి, తీర్థానికి వెళ్ళినట్టు! రిటైరైన జవాన్లు నలుగురు, లోకో షెడ్డు మనుషులు ఆరుగురు, పులిహోర గిన్నెలతో మా మహిళా మండలి. బాబాయి డ్యూటీలో ఉన్నారు. ఇంకేం, అందరూ ఆఫీసర్లే. సుబేదారు గారు కుడినుంచి పరవమంటారు, షెడ్డు మేస్త్రి ఎడమనుంచి అంటాడు. నేనేం తక్కువ తిన్నానా? నిచ్చెనెక్కి పైనుంచి కిందికి పరవండని కేకలు. మధ్యాహ్నానికి సగం పెంకులు ముక్కలు. పక్కూరు కోటా వైపు ఆకాశం నల్లబడింది. ఆ ఇంటావిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూల నిలబడి ఉంది. ఆవిణ్ణి ఒక్కరమూ ఒక్క మాటా అడగలేదు.

అప్పుడొచ్చారు బాబాయి, డ్యూటీ దిగి, తెల్ల యూనిఫారంతోనే. ముక్కల వంక చూశారు, మా వంక చూశారు. మెడలో విజిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

"గార్డు విజిల్ ఊదందే బండి కదల్దు. ఈ ఇంటికి గార్డు ఈవిడ. ఇల్లెవరిదో విజిల్ వాళ్ళది" అన్నారు, మాకు తెలుగులో ఒకసారి, తెలుగు రాని ఆవిడకి హిందీలో ఒకసారి.

"అరవడానికి విజిలెందుకు బాబాయ్, నేను లేనా?" అన్నాను.

"నీ నోటికి బండి పట్టాలు తప్పుతాదమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా.

మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి చెవులు చిల్లులు పడేలా ఊదింది. ఊది, వేలు చూపించి ముందు నన్నే నిచ్చెన దిగమంది! తీరా చూస్తే ఆవిడ పెంకులు చేసే కుమ్మరింటి ఆడపడుచు. చూరు దగ్గర మొదలుపెట్టించి, ఊదితే పెంకు ఎక్కేలా, ఊదితే మనిషి దిగేలా మమ్మల్ని పరుగులు పెట్టించింది. మిగిలిన పెంకులు ఇంటికి చాలవని పుట్టింటికి మనిషిని తోలింది, బండెడు వచ్చాయి. ఆఖరి వరస పడుతుండగా చినుకు మొదలైంది. అందరం లోపలికి దూరి తలలెత్తి చూశాం. ఒక్క చుక్క కారితే ఒట్టు! ఎగిరి గంతేశాను, సిగ్గు లేకుండా.

మరుసటి ఏడు మస్తూరీలో ఇంకో జవాను ఇంటికి అందరికన్నా ముందు నిచ్చెనతో వచ్చింది ఆవిడే. ఏటేటా జూన్‌లో అలాగే సాగింది. సాయం అన్న మాట ఎవరైనా అంటే బాబాయికి కోపం. "సాయమేటి? డ్యూటీకొచ్చాం" అనేవారు.

మంగళవారం వాళ్ళ వాకిట్లో మళ్ళీ అందరం ఆఫీసర్లమే. ఎండెక్కక ముందే తీసుకెళ్ళాలని ఒకరు, ఏ దారిన వెళ్ళాలో ఇంకొకరు, పూలేవని నేను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూల కూర్చుంది. ఇన్నేళ్ళకీ నాకు బుద్ధి రాలేదు.

సర్కండా ఆవిడ వచ్చింది. గోడ మేకుకున్న విజిల్ తీసి పిన్ని చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ మాతో పెంకులు పరుస్తూ మా దగ్గరే నేర్చుకున్న తెలుగులో, "పిన్నీ, ఇల్లు నీది. ఆర్డరు నీది" అంది.

పిన్ని నోటికి అడ్డం ఉన్న కొంగు దించింది.

"రాయగఢ్ నుంచి పిల్ల రావాల. తండ్రిని చూసుకోవాల. అందాకా ఎవలూ కదపొద్దు" అంది పిన్ని.

నాలుగింటికి కూతురు వచ్చింది, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చింది. అప్పుడు పిన్ని లేచి గుమ్మంలోకొచ్చి విజిల్ ఊదింది. పాడె కదిలింది.