సోలార్ కోసం కొట్టేసిన వేపచెట్టును చూడటానికి మంచిర్యాలకు

కరీంనగర్‌లో మా ఇంటికి పడమటి పక్కన ఒక వేపచెట్టు ఉంది. డాబా మీద సోలార్ పలకలు పెట్టిస్తున్నాం, సాయంత్రం వాటి మీద దీని నీడ పడుతుంది. అందుకని ఆదివారం చెట్టు కొట్టడానికి మనుషులను రమ్మన్నాను. మంచిర్యాలలో మా అక్క పోయిన ఏడాది ఇదే పని చేసింది. కరెంటు ఎంత కలిసొచ్చిందో చూద్దామని మే నెల ఎండల్లో బయలుదేరాను. ఫోన్ చేసి అడగొచ్చు కదా అని మా ఆవిడ వెక్కిరించింది. నాకు కళ్లారా చూస్తే గాని నమ్మకం కుదరదు.

పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా రెండున్నర గంటల్లో దిగాను. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఆటోలన్నీ రోడ్డవతల ఒక్క చింతచెట్టు కిందే ఇరుక్కుని ఉన్నాయి. ఎండలో ఆపితే సీటు మీద ఎవరూ కూర్చోలేరని, ఆ నీడ కోసం రోజూ కొట్లాటేనని డ్రైవరు చెప్పాడు. అక్క ఇంటికి అరవై రూపాయలు తీసుకున్నాడు.

పొద్దున అంతా బాగానే కనిపించింది. డాబా మీద పలకలు మెరుస్తున్నాయి, నా నిర్ణయం సరైనదేనని మురిసిపోయాను. భోజనం చేసి పడమటి గదిలో నడుం వాల్చేసరికి వీపు గోడకు ఆనింది. పెనానికి ఆనినట్టే ఉంది. చెట్టున్నప్పుడు ఆ గదికి కూలర్ సరిపోయేదట, ఇప్పుడు ఏసీ పెట్టించారు. పొద్దుగూకితే పలకలు పని చేయవు. గోడ మాత్రం అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుందట. మరి బిల్లు సంగతేమిటని అడిగాను.

"ఏం తగ్గలే తమ్మీ. గా పలకలు చేసే కరెంటంత గీ గోడను సల్లబెట్టెతందుకే పోతుంది," అంది అక్క.

ఏసీ నీళ్లు కారే పైపు ఇంటి పక్కకు పోతోంది. ఎక్కడికా అని వెంట వెళ్లి చూశాను. అది కొట్టేసిన వేప మొదలు దగ్గర ఆగింది. మొదలు పక్కనుంచి మోకాలెత్తు చిగురు వచ్చింది. బావ దాన్ని పీకేద్దామంటే అక్క ఒప్పుకోలేదట.

"ఇది నీడ ఇచ్చేసరికి ఎన్నేండ్లయితదో. నీది ఇంక నిలవడే ఉన్నది గద, ఉండనియ్," అంది.

అక్కడే నిలబడి మా చెట్టు కొట్టే మనుషులకు ఫోన్ చేసి ఆదివారం రావద్దన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇళ్ల పడమటి గోడలే చూస్తూ వచ్చాను. ఇన్నేళ్లుగా మా చెట్టు చేస్తున్న పని ఒక్కసారీ నాకు కనబడలేదు. పలకలు డాబా తూర్పు వైపున పెట్టించుకుంటాం, కాస్త తక్కువ కరెంటు వచ్చినా ఫరవాలేదు. మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే, ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి చెట్టు నీడ పడే గోడ మీద ఒకసారి, పడని గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. ఆ తర్వాతే గొడ్డలి మనిషిని పిలవండి.