రాణి ఏడవని నాటకం

మా బడి వెనక కొత్త భవనానికి పునాది తవ్వుతున్నారు. యంత్రం బండలోకి దిగినప్పుడల్లా కాలిన రాతివాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకుంటారు, నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. మియాపూర్‌లోని ఈ బడిలో నేను తెలుగు చెబుతాను. ఎనిమిదో తరగతి వాళ్లతో చదివించడానికి ఒక మంచి పాటల నాటకం వెతకమని మా హెడ్‌మిస్ట్రెస్ అడిగిన వారమే ఈ వాసన మొదలవడం నాకు బొత్తిగా నచ్చలేదు.

తొంభైల చివర్లో నేనూ ఎనిమిదో తరగతే. నాన్నగారికి బదిలీ అయి కాకినాడ నుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో అద్దెకుండేవాళ్లం, బడి మాదాపూర్‌లో. దారి పొడుగునా ఏనుగుల్లాంటి బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, వానలు వెనకబడేసరికి పచ్చగా విరగబూసే తంగేడు. బతుకమ్మ రోజుల్లో నా స్నేహితురాలు స్వరూప వాళ్లింట్లో రొట్టెలు నలిపి చేసిన మలీద ముద్దలు రుమాల్లో చుట్టి తెచ్చేది. బెల్లం, నెయ్యి ఇంకిపోయిన ఆ రుమాలును కూడా వాసన చూసుకుంటూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. బిళ్లలకు కొదవ లేదు, పేల్చిన బండల పెచ్చులు బడి ఆవరణలోనే దొరికేవి. కొత్త భవనాల కోసం బండలు పేల్చే ముందు విజిల్ ఊదేవారు, ఎర్రగుడ్డ ఊపేవారు, ఆ తర్వాత నేల ఒక్కసారి ఒళ్లు జలదరించినట్టు కదిలేది. వారం వారం ఆ చప్పుడు బడికి దగ్గరవుతూ వచ్చింది. స్వరూప వాళ్ల నాయిన ఆ బండలకు తూటాలు పెట్టే పనిలోనే ఉండేవాడు. విజిల్ వినబడగానే ఆ పిల్ల ఏం చేస్తున్నా ఆపేసి, చప్పుడయ్యేదాకా ఊపిరి బిగబట్టేది.

ఆ ఏడు మా తెలుగు మాస్టారికి ఒక పట్టుదల పుట్టింది. యక్షగానం గురించి పుస్తకంలో రెండు పేజీలు చదివితే ఏమొస్తుంది, ఈ ఊరి మేళంవాళ్లు ఆడిన నాటకాన్నే తెచ్చి మొత్తం చదువుదాం అన్నారు. తీరా వెతికితే నాటకం ఒక్కచోట లేదు. ఏ వేషగాడి దగ్గర ఆ వేషం మాటలే ఉండేవి. పక్కవాడి మాటలో చివరి ముక్క విని తనది అందుకోవడమే వాళ్ల పద్ధతి. రాజు పాటలు సైకిల్ షాపాయన దగ్గర, మంత్రి మాటలు పాలు పోసే ఆయన దగ్గర, ఇలా ఇల్లిల్లూ తిరిగి నేనూ స్వరూపా రాసుకొచ్చేవాళ్లం. మేం వెళ్లేసరికి సగం ఇళ్ల ముందు ట్రాక్టర్లలో సామాను ఎక్కుతుండేది. పొలాలు అమ్మేశారు, ఇళ్లూ అమ్మేస్తున్నారు. ఇవ్వాళ దొరకని మాట రేపు ఆ మనిషితో సహా ఎక్కడికో వెళ్లిపోతుందని మాస్టారు మమ్మల్ని తొందరపెట్టేవారు.

వేటకెళ్లిన రాకుమారుడు తిరిగిరాని కథ అది. అన్నీ దొరికాయి గానీ, కొడుకు శవం మీద పడి రాణి ఏడ్చే పాట ఒక్కటే మిగిలింది. అది స్వరూప వాళ్ల నాయిన తండ్రి నర్సయ్య తాత నోటికి తప్ప కాగితానికి తెలియదు. రాణి వేషం కోసం జీవితమంతా మీసం పెంచని మనిషి, మేళం ఆగిపోయి నాలుగేళ్లయినా రోజూ పొద్దున్నే నున్నగా గీయించుకునేవాడు. పాట అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"అది వేషంల ఉన్నప్పుడే పాడాలె బిడ్డా. అప్పుడు ఏడ్సేది రాణి. ఉత్తగ పాడితె ఏడ్సేది నేనయిత. కొడుకున్నోన్ని, ఎట్ల పాడుత?"

మేళం సాధన చేసేటప్పుడు కూడా అక్కడికి రాగానే "ఈడ ఏడ్పు" అని చెప్పి ముందుకు వెళ్లిపోయేవారట. మాస్టారు ఆయన ఇంటి చుట్టూ చాలా తిరిగారు. "మీతో ఆగిపోతే ఆ రాణి కూడా పోయినట్టేనండి, నర్సయ్యగారూ" అన్న మాట దగ్గర ముసలాయన మెత్తబడ్డాడు. తను ఇంత కాలం మోసిన మనిషి కదా, ఆవిడంటే ఆయనకు ప్రాణం.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం బడికి వచ్చాడు. తరగతిలోకి రానని ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని, కుంకుమ అడిగి పెట్టుకుని, తువ్వాలు కొంగులా తలమీద వేసుకున్నాడు. మాస్టారు నల్లబల్ల బయటికి తెప్పించి సుద్దముక్క పట్టుకున్నారు. "కొండలు నిన్ను దాసినయా కొడుకా" అని ఎత్తుకోగానే అల్లరి పిల్లలు కూడా దగ్గరికి జరిగారు. అది మొగగొంతూ కాదు, ఆడగొంతూ కాదు. ఆపమని నాకు అరవాలనిపించింది. రెండో చరణం మొదలుపెట్టాడో లేదో, విజిల్ లేకుండానే నేల అదిరింది. కిటికీ అద్దాలు రాలాయి.

స్వరూప చెప్పులు వదిలేసి బండలు పేల్చే చోటుకి పరిగెత్తింది. ఆమె వెనకాల కుంకుమబొట్టుతోనే ముసలాయన, ఆయన వెనక మేమందరం. దుమ్ములోంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. చాలాసేపటికి స్వరూప వాళ్ల నాయిన నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా, తూలుకుంటూ వచ్చాడు. నర్సయ్య తాత కొడుకు మొహమంతా తడిమి చూసుకున్నాడు. ఎక్కడి నుంచో పనికొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మాత్రం రాలేదు. వాళ్ల పేర్లు కూడా అక్కడెవరికీ సరిగ్గా తెలియవు.

"ఆ పాట నా కొడుకును తప్పిచ్చుకొని ఎవరి కొడుకులనో కొట్టింది సారూ" అన్నాడు నర్సయ్య తాత మర్నాడు బడికొచ్చి. నల్లబల్ల మీద అది ఎక్కడ రాశారో చూపమన్నాడు. చూపడానికి మాస్టారికి మనసొప్పకపోతే, అక్షరం రాని ఆ మనిషి బల్ల మొత్తం తువ్వాలుతో తుడిచేశాడు, తేదీతో సహా. ఎవరో తూటాల మందు ముందే ముట్టించారని, పాటకూ దానికీ సంబంధం లేదని మాస్టారు మాకు చెప్పారు. అది నిజమే. అయినా నాటకం చదువుతూ ఆ చోటుకి రాగానే ఆయనే "ఇక్కడ ఏడుపు" అని పేజీ తిప్పేశారు.

ఇప్పుడు ఆ బండలు లేవు, సీతాఫలాలు బండి మీద కొనుక్కోవాలి, మేళంలో ఒక్కరూ మిగల్లేదు. కంప్యూటర్‌లో వెతికితే నాటకాలు బోలెడు దొరికాయి, అది తప్ప. స్వరూప హఫీజ్‌పేట్‌లోనే బట్టలు కుడుతుంది. చిన్నప్పటి నుంచి విన్నావు కదా, పాడు, రాసుకుంటాను అని నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"మొత్తం వస్తదే. గని నాకిద్దరు కొడుకులు" అంది.

ఇక ఆమెతోనే పోతుంది ఆ పాట. ఈ రోజుల్లో కూడా ఇదేం పిచ్చి అని తిట్టడానికి నోరు తెరిచి, గడియారం చూసి ఊరుకున్నాను. ట్యూషన్ నుంచి మా వాడు ఇంకా ఇంటికి రాలేదు.