మేస్త్రి వద్దన్న టర్బో

పోయిన మంగళవారం పొద్దున కారు అద్దం తుడుస్తుంటే మేస్త్రి కోడలు ఫోన్ చేసింది. "మామ పోయినాడు, టీచరమ్మా" అంది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. లారీ టర్బోలు విప్పి బిగించడంలో గిద్దలూరులో ఆయనంత పనివాడు లేడని డ్రైవర్లంతా ఒప్పుకుంటారు. అట్లాంటి మనిషి నా కారుకు మాత్రం టర్బో పెట్టనన్నాడు.

నేను మార్కాపురంలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినాను. రిటైరయినాక అందరూ తీర్థయాత్రలకు పొమ్మంటే పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాను. ఊరు నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మందిని పాస్ చేసింది నేనే. వారం వారం ఘాట్ దాటి నంద్యాలలో మా చెల్లెలి దగ్గరికి పోతాను. ఆమె మంచం దిగలేదు, నేను పోకపోతే ఆమెతో పోట్లాడే దిక్కు లేదు. చిక్కేందంటే, ఎక్కుడులో లారీ వెనక పడితే కారుకు దమ్ము చాలేది కాదు. రెండుసార్లు మలుపులోనే ఆగిపోయినాను. మూడోసారి ఆగకముందే కారు అమ్మేస్తానని మా పెద్దోడు తాళాలు జేబులో వేసుకున్నాడు.

తాళాలు ఒక్కపూటకని అడుక్కొని మేస్త్రి షెడ్డుకు పోయినాను. అక్కడ గోడకు వేలాడే పెద్ద పలక మీద బొమ్మ గీసి మరీ పాఠం చెప్పినాను. ఇంజనుకు గాలి ఎక్కువ పట్టించడానికి రెండు దారులు. సూపర్‌చార్జర్‌ను ఇంజనే బెల్టుతో తిప్పాల, అంటే దాని బలంలోనే కొంత తినేస్తుంది. టర్బో బయటికి పోయే పొగతో తిరుగుతుంది. పారేసేదానితో పని చేయించుకోవడం ఇల్లు నడిపిన ఏ ఆడదానికైనా నచ్చుతుంది. నాకు టర్బోనే కావాలన్నాను.

ఆయన అంతా విని, "లెక్క సరేలే అక్కా. ఒకసారి ఘాట్‌కు పోయొద్దాం పా" అన్నాడు.

అది ఆయన పద్ధతి. నడిపే మనిషి పక్కన కూర్చోనిదే పానా పట్టేవాడు కాదు. పొడుగు మనిషి, సీటును వెనక్కి, కొస దాకా జరుపుకొని కూర్చున్నాడు. పోయి వచ్చేదాకా రోడ్డు చూడలేదు, నా కాలే చూసినాడు.

షెడ్డుకు వచ్చినాక, "నీకు టర్బో పెట్టను" అన్నాడు. "నువ్వు యాక్సిలరేటర్ తొక్కినాక అది రవ్వంత సేపు ఆలోచిస్తాది. నువ్వు ఆగవు, ఇంకా తొక్కుతావు. అప్పుడు ఒక్కసారే తోస్తాది. ఆడ పక్కన లోయ."

నాకు ఒళ్లు మండింది. డ్రైవర్లంతా వింటున్నారని తెలిసే, "చేతకాదని చెప్పు తమ్ముడూ, ఒప్పుకుంటా" అన్నాను. ఆయన నా బొమ్మను మోచేత్తో తుడిచి, "మిషను బండిని చూసి కాదక్కా, కాలిని చూసి పెట్టాల" అని మాత్రం అన్నాడు.

పది రోజులు మాట్లాడలేదు. ఆ పది రోజుల్లో ఆయన బెంగళూరు నుంచి వాడిన సూపర్‌చార్జర్ తెప్పించి, దానికి బెల్టు పట్టే కప్పీ దగ్గరుండి లేత్ మీద కోయించినాడు. పిలిపిస్తే తాళాలు మళ్లీ అడుక్కొని పోయినాను. బిగించినాక స్టార్ట్ చేస్తే సన్నగా కూత.

"ఏంది ఈ గోల?"

"తొలి తొక్కుడు నుంచే అరుస్తాది. నీ మాదిరి."

నవ్వకూడదనుకున్నాను, నవ్వినాను.

మొదటి ఎక్కుడుకు ఆయనే పక్కన వచ్చినాడు. పలకల లోడు లారీ ముందుంది. మలుపు దాటి రోడ్డు తిన్నగా కనబడగానే తొక్కినాను. కాలితో పాటే కారు కదిలింది. లారీ వెనకబడేసరికి పక్కకు చూస్తే ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. భయంతోనా, కూత వింటూనా, అడగలేదు. వారం గడిచినాక మా పెద్దోడు తాళాలు బల్ల మీద పెట్టి పోయినాడు.

ఆ 'చేతకాదు' అన్న మాట వెనక్కి తీసుకోవాల్సింది. ఆయిల్ మార్పించేటప్పుడు చెబుదామనుకున్నాను. రెండుసార్లు మార్పించినాను. మా చెల్లెలి మోకాళ్ల గురించి చెప్పినాను, వానల గురించి చెప్పినాను. నోరున్న మనిషినని ఊరంతా అంటారు.

నిన్న ఘాట్ ఎక్కినాను. పక్క సీటు ఆయన జరిపిన చోటనే ఉంది. దాని మీద పెట్టిన నా సంచి మొదటి మలుపులోనే జారి, ఆయన కాళ్లు చాపుకున్న ఖాళీలో పడింది. సీటు కాస్త ముందుకు లాగితే పడదు. పైకి చేరినాక కారు ఆపి, సంచి తీసి, సీటు జరపకుండానే మళ్లీ దాని మీద పెట్టినాను.