గూట్లో ద్రాక్షతోట మట్టి

ఫ్రాన్సు నుంచి తిరిగొచ్చాక మా తమ్ముడు మజ్జిగ గ్లాసును కూడా గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూసి గానీ తాగడం లేదు. ఆవడిలో వర్క్‌షాపు నడిపే మనిషి. స్నేహితులతో టూరు పోయి, అక్కడ ఏదో పేరుమోసిన ద్రాక్షతోట చూసొచ్చాడు. చూసొచ్చాడంటే, గోడ బయట నిలబడి చూశాడు. లోపలికి రానివ్వలేదట. ఆ తోట ఎర్ర వైను ఏడాదికి కొన్ని సీసాలే వస్తుందని, దానికోసం కోటీశ్వరులు కూడా కాచుకుని ఉంటారని చెప్పేటప్పుడు వాడి గొంతు గుడిలో మాట్లాడినట్టు తగ్గిపోయేది. నాకు ఒళ్లు మండేది. గేటు దాటనివ్వని తోట మీద అంత భక్తి ఏమిటో!

భక్తితో ఆగినా బాగుండేది. పూండి దారిలో ఉన్న అమ్మ చెనక్కాయ చేనులో అలాంటి తోటే పెడతానన్నాడు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే నిలబెట్టుకున్న చేను అది. పొద్దున అటు పోయి రాకపోతే ఆమెకు అన్నం సయించదు. అయినా ఒక్క మగబిడ్డ అడిగితే కాదనలేదు. "వాడు ఆశపడతా ఉండాడే" అని నా దగ్గర నసుగుతూ ఉంది.

ఆమె మాట తీసుకోవడానికి ఒక శనివారం అమ్మా నేనూ ఉండే ఇంటికి వచ్చాడు. దారిలో తిరుత్తణి కొండెక్కి ప్రసాదం తెచ్చాడు. జేబులోంచి ఒక చిన్న పసుపు గుడ్డ సంచి తీసి, దేవుడి గూట్లో పెట్టి దండం కూడా పెట్టాడు.

తెల్లారి అమ్మ స్నానం చేసి, ఆ సంచి విప్పి, లోపలున్న బూడిదరంగు పొడిని మూడు వేళ్లతో నొసట పూసుకుంది. అలవాటుగా చిటికెడు నోట్లో వేసుకుంది.

"ఏంది నాయినా, ఈ తూరి కొండ విభూది కరకరమంటా ఉండాదే?"

తమ్ముడు కాఫీ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అది విభూది కాదుమా! ఆ తోట మన్ను. గోడ పక్కన గిల్లుకోని తెచ్చినాను. మొదటి తీగ నాటేటప్పుడు గుంతలో వెయ్యాల. అక్కా, పేపరు తే!"

నేను నవ్వబోయాను. వాడే పేపరు లాక్కుని, "సుమ్మా ఉండుమా, కదలొద్దు" అని అమ్మ గడ్డం పట్టుకుని, నొసటి మీది మట్టిని గోటితో గీరి పేపర్లోకి రాల్చసాగాడు. ఒక్క ముడత వదలకుండా వాడి గోరు తిరిగింది. అమ్మ కళ్లు మూసుకుని, కొడుకు విభూది పెడుతున్నట్టే తల వంచి నిలబడింది. నోట్లో మట్టి అలాగే ఉంది. ఉమ్మిరావడానికి కూడా వాడు వదల్లేదు. ఆ పూట వాడి మీద పుట్టిన అసహ్యం నాకు ఇంకా పోలేదు.

వాడు వదిలాక అమ్మ పెరట్లో పుక్కిలించి, మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"చేను ఇచ్చేది లేదు. చెనక్కాయే యేస్తాను" అంది.

పేపరు మడుస్తున్నవాడు ఆగిపోయాడు. "ఎందుకుమా?"

"చిన్నప్పుడు ఆ చేన్లో దించితే చాలు, మన్ను తింటా ఉంటివి. నీ నోట్లో యేలు పెట్టి ఎంత మన్ను తీసినానో. నిన్నే చూసినాను గానీ, ఆ మన్ను యాడ పడిందో చూడలేదు నాయినా."